వాయవ్యంలో వదిలిన జాగా

ఆ వానాకాలం మొదట్లో మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగానే నడిచేవి. మా ఆయనా, మా అమ్మాయీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి అప్పటికి రెండు నెలలు. అమ్మాయి ఎదురుగానే కూర్చుని ఉండగా, "మీ అమ్మాయిని ఆ కిటికీ వెయ్యమను, జల్లు కొడుతోంది" అనేవారు ఆయన నాతో. "జల్లు పడితే కుర్చీ ఇవతలికి జరుపుకోమను" అనేది అది, అదీ నాతోనే. నేను కుట్టుమిషను తొక్కుకుంటూ కొన్నాళ్ళు ఇద్దరికీ పోస్టుమాన్ పని చేశాను. తర్వాత విసుగొచ్చి, ఎవరి ఉత్తరాలు వాళ్ళే అందించుకోండని చెప్పేశాను. దాంతో ఇల్లు మరీ మూగబోయింది. అది నాకు సుతరామూ నచ్చలేదు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నాకు గోలే అలవాటు.

గొడవకి కారణం చిన్నదేమీ కాదు, ఒక లోకం. అమ్మాయి బీమా కంపెనీలో ముద్రలు కొట్టే ఉద్యోగం వదిలేసి వచ్చి, ఒక లోకాన్ని తయారు చేస్తానంది. పురాణాల్లో వినే ఏడు సముద్రాలు, భూమిని మోసే ఎనిమిది ఏనుగులు, పాతాళంలో నాగులు, అన్నీ ఉండే లోకం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక ఆట కోసమట. ఆ ఆటలో ఒకరు కథ చెప్తారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషి అయి ఆ కథలోకి నడుస్తారు. అక్కడ ఏం చేస్తారో వాళ్ళిష్టం. చేసింది నెగ్గుతుందో లేదో పాచిక చెప్తుంది. ఆ పాచికకి ఇరవై ముఖాలు. నాలుగు ముఖాల దేవుడు నుదుటి రాత రాస్తాడని విన్నాను గానీ, ఇరవై ముఖాలతో రాసేదాన్ని అప్పుడే చూశాను.

మా ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సర్వే ఆఫీసులో నక్షాలు గీసి రిటైరయ్యారు. ఉన్న భూమిని కొలిచిన మనిషికి, లేని భూమి కోసం ఉన్న ఉద్యోగం వదిలేయడం ఏమిటో అర్థం కాలేదు. ఇద్దరూ ఒక పూటంతా వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వానలు వెలిశాక టౌన్‌హాల్లో ఆటల మేళా ఉంది. ఇలాంటి ఆటల్ని అచ్చు వేసి పెట్టెల్లో పెట్టి అమ్మే ఆవిడ ఒకరు అక్కడికి వస్తారు. ఆవిడ ఈ లోకాన్ని తీసుకుంటే సరే. లేకపోతే అమ్మాయి సర్వే ఆఫీసులో గుమాస్తాగా చేరాలి. ఆయన పాత ఆఫీసరుతో మాట్లాడి దరఖాస్తు ఫారం తెచ్చారు. పేరు, పుట్టినరోజు, చదువు, అన్నీ తనే గుండ్రటి అక్షరాలతో నింపి, సంతకం పెట్టే చోటు మాత్రం వదిలి, నా ఇస్త్రీపెట్టె కింద పెట్టారు. గాలికి ఎగిరిపోకుండా అట. ఒప్పందం కుదిరాక ఇద్దరికీ ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇస్త్రీపెట్టె ఎత్తినప్పుడల్లా ఆ ఫారం చూసి నాకు గుండెల్లో రాయి పడేది. ఆ ఉద్యోగం చెడ్డదని కాదు. బీమా ఆఫీసులో ఉన్న మూడేళ్ళూ పిల్ల ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. ఇప్పుడు పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుంటూ కూడా ఈల వేస్తోంది. నురగతో ఈల ఎలా వస్తుందో నాకిప్పటికీ తెలియదు. ఆ ఈల ఆగిపోకూడదు, నాకు కావలసింది అంతే.

మా ఇంట్లో పెద్ద బల్ల ఒక్కటే ఉంది, ముందుగదిలో. మధ్యాహ్నం దాకా దాని మీద నేను బట్టలు కత్తిరించుకుంటాను. ఆ తర్వాత అది అమ్మాయిది. బడులు తెరిచే రోజులు కాబట్టి నాకు చేతినిండా యూనిఫారాలు. లాగూలు, గౌన్లు, చొక్కాలు, ఎటు చూసినా నీలమూ తెలుపూ. నేను సుద్దపొడి దులిపి లేచేసరికి అది తన లోకం నక్షా చుట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉండేది, బస్సులో సీటు కోసం కాచుకున్నట్టు.

ఒకరోజు అది నక్షాని బల్ల మీద పరిచి, నా కత్తెర, టేపు డబ్బా, బొత్తాల సీసా, ఇస్త్రీపెట్టె నాలుగు మూలలా బరువు పెట్టి, టీ కోసం వంటింట్లోకి వచ్చింది. ఆయన కిటికీ దగ్గర పేపరు చదువుతున్నారు. చదువుతున్నారంటే చదువుతున్నారు గానీ, అది నిన్నటి పేపరు. నేను టీ వడగడుతూ తలుపు సందులోంచి చూశాను. ఆయన లేచారు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. కళ్ళద్దాలు తుడుచుకుని వంగారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. అమ్మాయి టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్ళింది.

"నది కొండెక్కుతోంది" అన్నారు ఆయన.

రెండు నెలల్లో అమ్మాయితో నేరుగా అన్న మొదటి మాట అదే.

"అది మామూలు నది కాదు నాన్నా. దానికి కోపమొచ్చింది."

"కోపమొస్తే ఉరుకుతుంది. కొండెక్కదు. నీరు పల్లమెరుగు అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?"

"తూర్పు ఏనుగు నిద్రపోయేటప్పుడు మోకాళ్ళ మీద వంగుతుంది. అది వంగితే తూర్పంతా పల్లమైపోతుంది. అందుకని ఏడాదికోసారి నది వెనక్కి నడుస్తుంది."

ఇంకేముంది, మళ్ళీ మొదలవుతుందనుకుని నేను మిషను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన గడ్డం గోక్కున్నారు. బయట వాన చూశారు. చూరులోంచి కారిన నీళ్ళు అరుగు మీదుగా ఎటు పోతున్నాయో చూశారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు.

"ఎంత వంగుతుంది?"

"అంటే?"

"వంగుతుందన్నావు కదా పిచ్చుకా, ఎంత? జానెడా, బారెడా? కొలత చెప్పకపోతే నదిని ఎక్కడ తిప్పాలో ఎలా తెలుస్తుంది?"

పిచ్చుక అన్నది దాని ముద్దుపేరు. బీమా ఆఫీసు మానేసిన రోజు నుంచీ మా ఇంట్లో ఆ పేరు వినపడలేదు. ఆ మాట అన్నట్టు ఆయనకీ తెలియలేదు. నాకు తెలిసింది. ఆ సంతోషంలో ఒక లాగూ రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. విప్పడానికి అరగంట పట్టింది.

ఆ తర్వాత మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. ఏనుగు ఎంత వంగుతుందో తేల్చడానికి తండ్రీ కూతుళ్ళు ఒక గొడుగు, నా కొలతల టేపు పట్టుకుని జూకి వెళ్ళారు. ఆ ఏనుగు పొద్దుటినుంచీ నిలబడే ఉందట. కాపలా మనిషి వచ్చి, నేల తడిగా ఉంటే ఇది పడుకోదు, దీనికి శుభ్రం ఎక్కువ అన్నాడట. వీళ్ళు మర్నాడు మళ్ళీ వెళ్ళారు. మూడో రోజు ఆ మనిషే ఇద్దరికీ కుర్చీలు తెచ్చి వేశాడు. నాలుగో రోజు ఏనుగు స్నానానికి మోకాళ్ళు మడిచింది. భుజం మూడడుగులు దిగిందని, దాన్ని బట్టి భూమిని మోసే ఏనుగు భుజం ఎన్ని ఆమడలు దిగాలో లెక్క కట్టామని, ఇద్దరూ ఒకరి మాటకి ఇంకొకరు అడ్డం వస్తూ చెప్పారు. ఇద్దరూ నిలువెల్లా తడిసి ఉన్నారు. నా టేపు బురదలో పడి సాగిపోయింది. దాంతో కొలిచిన రెండు గౌన్లు తర్వాత వదులైపోయాయి.

ఏనుగుల తర్వాత సముద్రాల మీద పడ్డారు. ఉప్పు సముద్రంతో పేచీ లేదు. నేతి సముద్రం చలికాలంలో గడ్డకడుతుంది కాబట్టి దాన్ని బండ్ల మీద దాటొచ్చని ఆయన అన్నారు. అలా అని నవ్వుకున్నారు కూడా. ఆయన తన మాటకి తనే నవ్వడం నేను పెళ్ళయిన కొత్తలో చూశాను. పాల సముద్రమూ పెరుగు సముద్రమూ పక్కపక్కనే గీశారు. కట్ట తెగితే రాత్రికి రాత్రి పాలన్నీ తోడుకుపోతాయి, అప్పుడేం చేస్తారని అడిగాను. ఇద్దరూ నా వంక అలా చూస్తుండిపోయారు. ఇల్లు నడిపేవాళ్ళకి ఆ మాత్రం తెలుస్తుంది. ఆ సాయంత్రమే ఆ రెండింటి మధ్య ఒక పెద్ద గోడ, గోడకి కాపలా కాసే ఒక వంశం పుట్టుకొచ్చాయి. ఆ వంశానికి మా వీధి పేరు పెట్టారు.

దొందూ దొందే అని నాకు అప్పుడు బాగా అర్థమైంది. పిల్ల ఒక ఊరు ఊహిస్తే ఆయన దానికి పొలిమేర గీసేవారు. ఆయన పొలిమేర రాయి వేస్తే పిల్ల ఆ రాయి కింద ఎవరిని పాతిపెట్టారో రాసేది. ఆయన ఆ రాయికి సర్వే నంబరు వేసేవారు. ఊరికి ఎన్ని బావులు, బావికి ఎంత లోతు, ఏ ఏనుగు బరువెంత, దాని మేతేమిటి, అన్నీ రిజిస్టర్లకెక్కాయి. పన్నెండు రిజిస్టర్లు. ఆఫీసులో ఉన్న రోజుల్లో ఆయనకి ఒక పట్టుదల ఉండేది. ఆయన గీసిన నక్షాలో ఖాళీ ఉండకూడదు. ఖాళీ అంటే కొలిచేవాడి సోమరితనం అనేవారు. వాన ఎంత కురిసినా, కాళ్ళకి జలగలు పట్టినా, చివరి గట్టు దాకా వెళ్ళి కొలిచే వచ్చేవారు. ఈ లోకాన్నీ అలాగే కొలిచారు. వాయవ్య మూల ఎనిమిదో ఏనుగు గీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొండం మీద ముడతలు ఒక్కొక్కటీ సన్నటి నిబ్బుతో గీశారు. దాని కాళ్ళ దగ్గర ముప్ఫై ఒక్క ఊళ్ళు. నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్తున్నాను, అంత అందమైన ఏనుగుని నేనెక్కడా చూడలేదు.

మేళాకి ఆరు రోజులుందనగా, ఇంట గెలిచి రచ్చ గెలవాలని, ఇంట్లోనే ఒకసారి ఆడి చూద్దామనుకున్నాం. మా ఆడపడుచుని పిలిచాం. ఆవిడ మా ఆయనకి అక్క, పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది, నోటికి తాళం లేదు. పై వాటాలో ఉండే బస్సు కండక్టర్ని కూడా పిలిచాం. మూడోదాన్ని నేను. కథ చెప్పేది అమ్మాయి. ఆయన ఆటలో లేరు, పన్నెండు రిజిస్టర్లూ పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

ఎవరు ఏమవుతారో ఎంచుకోమంది అమ్మాయి. కండక్టరు జీవితమంతా నిలబడ్డాను, నన్ను కూర్చునే మనిషిని చెయ్యమని రాజకుమారుడయ్యాడు. మా ఆడపడుచు నలభై ఏళ్ళు మంచిదానిలా బతికి విసిగిపోయానని దొంగయింది. నేను ఏమీ తోచక ఊరూరా తిరిగే దర్జీనన్నాను.

మొదటి పావుగంట బాగానే ఉంది. నేతి సముద్రం మీద బండెక్కి జారుకుంటూ వెళ్ళాం. తర్వాత కండక్టరు ఆ కనపడే కొండ వెనక ఏముందని అడిగాడు. అమ్మాయి నోరు తెరిచేలోగా ఆయన రిజిస్టరు తెరిచారు.

"సర్వే నంబరు రెండు వందల పదకొండు. మేకల కొట్టం ఒకటి, బావి ఒకటి. బావి లోతు నలభై అడుగులు."

మా ఆడపడుచు ఎక్కడైనా ఎవరూ చూడని నిధి ఉందా అని అడిగింది. నిధులన్నీ నమోదయ్యాయన్నారు. తప్పిపోయిన మనిషెవరైనా ఉన్నారా అని నేను అడిగాను. జనాభా సరిపోయిందన్నారు. పొలిమేర తగాదాలేమైనా ఉన్నాయా అంటే, రాళ్ళన్నీ వేసిన చోటే ఉన్నాయన్నారు, కొంచెం గర్వంగా. పోనీ ఏనుగుల్లో ఒకదానికైనా ఒంట్లో బాగాలేదా అంటే ఎనిమిదీ క్షేమం. ఇరవై ముఖాల పాచిక బల్ల మీద ఒక పక్కన పడి ఉంది. దాన్ని విసరాల్సిన పని ఎవరికీ పడలేదు. కండక్టరు రెండుసార్లు ఆవలించి, ఇంత వేళకి నడిచే ఏనుగుల్ని మా డిపోకి పంపిస్తే బాగుండునన్నాడు. మా ఆడపడుచు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒరేయ్, లోకం చాలా బాగుందిరా. పెద్ద డాక్టరు వచ్చే రోజు వార్డులా ఉంది. దుప్పట్లన్నీ బిగించి పరిచారు. రోగికే చోటు లేదు."

ఎవరూ నవ్వలేదు. అమ్మాయి పాచికని డబ్బాలో పెట్టి మూత వేసింది. గ్లాసుల్లో టీ ఇంకా వేడిగానే ఉంది.

మర్నాడు పొద్దున్న ఈల వినపడలేదు. నేను గౌను ఇస్త్రీ చేద్దామని పెట్టె ఎత్తితే, ఫారం మీద సంతకం ఉంది. గట్టిగా నొక్కి పెట్టిన సంతకం. మేళాకి వెళ్ళను, నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు, ఒప్పందం ప్రకారం నేనే ఓడిపోయాననుకోండి అని చెప్పి, తెచ్చుకున్న పుస్తకాలన్నీ లైబ్రరీలో ఇచ్చేయడానికి సంచీలో సర్దుకుని వెళ్ళిపోయింది. దాని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు ఆయన మీద కోపం వచ్చింది, దాని మీద కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక మిషను మీద చూపించాను. సూది విరిగింది.

ఆయన వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఫారం ఆయనా చూశారు. కోరుకున్న సంతకం దొరికిన మనిషిలా లేరు.

"తప్పు ఎక్కడ జరిగినట్టు?" అన్నారు. "ఒక్క గీత కూడా తేడా రాలేదు."

నా ఒడిలో ఎదురింటి పిల్ల గౌను ఉంది. కిందటేడు నేనే కుట్టాను. పిల్ల పొడుగైంది, గౌను మోకాళ్ళు దాటి పైకి వచ్చిందని తెచ్చారు. నేను అంచు దగ్గర కుట్లు విప్పుతున్నాను. లోపల మడిచి ఉంచిన బట్ట కొత్తదిలా నీలంగా బయటికి వచ్చింది.

"ఇదిగో, ఇది చూడండి" అన్నాను. "మీరిద్దరూ లోకాన్ని బొమ్మకి తొడిగినట్టు ఒంటికి అతికించి కుట్టారు. బొమ్మ పెరగదు కాబట్టి బాగానే ఉంటుంది. పిల్లలకి కుట్టేటప్పుడు లోపల బట్ట వదలాలి. అది మన కోసం కాదు, వేసుకునేవాళ్ళ కోసం."

ఆయన గౌను అంచు చేతిలోకి తీసుకుని, ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు.

"ఎంత వదులుతావు?"

"రెండంగుళాలు."

ఆయన లేచి వెళ్ళి నక్షా పరిచారు. నాలుగు మూలలా బరువులు పెట్టారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను ఎదురింటి గౌను పూర్తి చేసి, ఒక చొక్కాకి కాజాలు కూడా మొదలుపెట్టాను. అప్పుడు ఆయన సొరుగులోంచి బ్లేడు తీశారు. నక్షాలు గీసేవాళ్ళు ట్రేసింగు కాగితం మీద ఎండిన ఇంకుని బ్లేడుతోనే గీకి తీసేస్తారు, కాగితానికి చిల్లు పడకుండా. చేయి తేలిగ్గా ఉండాలి. ఆయన వాయవ్యం వైపు కుర్చీ జరుపుకున్నారు.

మిషను తొక్కితే బల్ల అదురుతుందని నేను తొక్కడం ఆపేశాను.

ముందు తోక పోయింది. తర్వాత కాళ్ళు, కాళ్ళ దగ్గర ముప్ఫై ఒక్క ఊళ్ళు. తొండం దగ్గర ఒక్క నిమిషం ఆగారు. మళ్ళీ గీకారు. పొడిని నోటితో ఊది, గరుకుగా ఉన్న చోటల్లా బొటనవేలి గోరుతో రుద్ది నునుపు చేశారు. పన్నెండో రిజిస్టరులో ఆ ఊళ్ళ కాగితాలు విప్పి తీసి, కాలర్ల కొలతలకి పనికొస్తాయని నాకు ఇచ్చారు. నేను తీసుకున్నాను. ఆయన చెయ్యి కాసేపు పట్టుకోవాలనిపించింది గానీ, ఇంకు పొడి అంటుకుంటుందని ఊరుకున్నాను.

అమ్మాయి సాయంత్రం ఖాళీ సంచీతో వచ్చింది. బల్ల దగ్గర ఆగింది. ఆయన కిటికీ దగ్గర పేపరు అడ్డం పెట్టుకున్నారు, నిన్నటిదే. అమ్మాయి వాయవ్యం మూల వేలు పెట్టి తడిమింది. ఆ మూల భూమి ఉంది, తీరం గీత ఉంది, లోపల ఏమీ లేదు. భూమి కింద ఏనుగు కూడా లేదు. తల తిప్పి నా వంక చూసింది. నాకేం తెలుసన్నట్టు చొక్కా చూపించాను. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని, కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

దీపాలు వేసే వేళకి మా ఆడపడుచునీ కండక్టర్నీ మళ్ళీ పిలుచుకొచ్చాను. ఈసారి బల్ల దగ్గర ఆయన లేరు, వంటింట్లో టీ కాస్తున్నారు. నక్షా చూడగానే కండక్టరు, ఆ మూల ఎవరు మోస్తున్నారని అడిగాడు. ఎవరికీ తెలియదంది అమ్మాయి. ఎవరూ మోయకపోతే పడిపోవాలి కదా అన్నాడు. పడిపోవడం లేదు కదా మరి అంది అమ్మాయి. దాంతో బయలుదేరింది అసలు గొడవ. అక్కడున్న ఏనుగుని ఎవరో దొంగిలించారని మా ఆడపడుచు, దొంగవి నువ్వే కదా అని కండక్టరు, ముందు వెళ్ళి చూద్దాం పదండని నేను. పాచిక బల్ల మీద దొర్లుతూనే ఉంది. మా ఆడపడుచు నాగుల కాపలావాడికి కట్టు కట్టి మంచి చేసుకుంది. ఎంత దొంగయినా చేతి అలవాటు పోలేదు. రాజకుమారుడు లేచి నిలబడి, పడవలో అందరినీ లోపలికి జరగండి జరగండి అని సర్దాడు. వాయవ్యానికి అందరికంటే ముందు నా దర్జీ చేరింది. అక్కడ ఏం కనపడిందో నన్నే చెప్పమంది అమ్మాయి. నేను లేచి వెళ్ళి దాని చెవిలో చెప్పాను. అది కలం పక్కన పెట్టి, కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసింది. వంటింట్లో టీ పొంగిపోయింది.

మర్నాడు పొద్దున్న ఈల వినపడింది, నురగతో సహా.

మేళా రోజున వాన లేదు. టౌన్‌హాలు నిండా బల్లలు, బల్లల నిండా జనం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పన్నెండు రిజిస్టర్లూ మోసుకొచ్చి, మా బల్ల పక్కన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. జేబులో మడత పెట్టిన ఫారం ఉంది. ఒప్పందం ఒప్పందమే. అమ్మాయి ఎదురుగా ముగ్గురు ముక్కూ ముఖం తెలియని పిల్లలు కూర్చున్నారు. అది మొదట గబగబా చెప్పుకుపోయింది, నేతి సముద్రం దాటేసరికి సర్దుకుంది.

అచ్చు వేసే ఆవిడ వచ్చింది. బొద్దుగా, మెడలో తాడుకి కళ్ళద్దాలు, చేతిలో పొడుగాటి గొడుగు. ఏ బల్ల దగ్గరా ఐదు నిమిషాలకి మించి నిలబడదని ముందే విన్నాం. మా దగ్గరికీ వచ్చి నిలబడింది, కూర్చోలేదు. నక్షా మీద అక్కడా ఇక్కడా చూపిస్తూ ఆయన్ని ప్రశ్నలు వేసింది. ఈ గోడ ఎత్తెంత, ఈ దారి ఎన్ని రోజులు, నది ఎప్పుడు వెనక్కి తిరుగుతుంది. ఆయన రిజిస్టరు చూడకుండానే చెప్పారు. ఆవిడ తల ఊపింది. చేతి గడియారం చూసుకుంది. వెళ్ళిపోబోతూ గొడుగు మొనతో వాయవ్యం మూల చూపించింది.

"ఇక్కడేముంది?"

అలవాటు కొద్దీ ఆయన చెయ్యి పన్నెండో రిజిస్టరు మీదికి పోయింది. నేను బల్ల కింద నా కొంగు మెలిపెట్టాను. తొమ్మిది రోజుల ఏనుగు ఆయన తలలో ఇంకా ఉంది, ముడతలతో సహా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"తెలీదండీ" అన్నారు. "నేను కొలవలేదు. వెళ్ళినవాళ్ళు వచ్చి చెప్పాలి."

ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో గానీ, అంతకంటే ఎక్కువ కాపురంలో గానీ, ఆయన నోట తెలీదన్న మాట నేను విన్నది అదే మొదలు. ఆవిడ నక్షా వంక చూసింది, ఆయన వంక చూసింది.

"మరి ఆ మూల పడిపోకుండా ఎవరు మోస్తున్నట్టు?"

"మేమూ అక్కడికే వెళ్తున్నామండీ" అన్నాడు ఆటలో ఉన్న పిల్లల్లో ఒకడు, కొంచెం విసుగ్గా. ఆట ఆగిపోయిందని వాడి బాధ.

ఆవిడ గొడుగుని కుర్చీ వీపుకి తగిలించింది. ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, పాచిక ఇలా ఇవ్వమంది. హాలు ఊడ్చేవాళ్ళు వచ్చి మా కాళ్ళు ఎత్తించి ఊడ్చుకుపోయేదాకా లేవలేదు. ఆవిడ అమ్మాయితో అచ్చు వేసే ఒప్పందం కాగితాల మాటలు మాట్లాడుతుంటే, ఆయన జేబులోంచి ఫారం తీసి నాకు ఇచ్చారు. గట్టి కాగితం అన్నారు, అంతే. గట్టిదే. ఐదేళ్ళ పిల్లల కాలరుకి అచ్చంగా సరిపోయింది. ఇప్పటికీ దాన్నే పెట్టి కత్తిరిస్తున్నాను. దాని నడిమధ్య మా అమ్మాయి సంతకం ఉంటుంది.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ అమ్మాయి దారంతా ఈల వేసింది. ఆయన కూడా వేయబోయారు, గాలే వచ్చింది.

ఇప్పుడు ఆ ఆట పెట్టెలు ఎక్కడెక్కడికో పోతున్నాయి. ఆడినవాళ్ళు వాయవ్యంలో తమకేం కనపడిందో ఉత్తరాలు రాస్తుంటారు. ఒకరు తాబేలంటారు, ఒకరు పాటంటారు, ఒకరు అక్కడ ఇంకో నక్షా ఉందంటారు. ఆయన అన్నీ చదివి, పదమూడో రిజిస్టరులో అంటించి, ఒక్కటి కూడా నక్షాలో గీయకుండా భద్రంగా దాచుతారు. నన్ను మాత్రం అప్పుడప్పుడు అడుగుతారు, ఆ రోజు అమ్మాయి చెవిలో ఏం చెప్పావు, ఆ మూల మోస్తున్నది ఎవరని. ఏనుగైతే కాదని చెప్పి, మిషను తొక్కుకుంటాను.